చెడిపోయిన బోర్డు కూడా సిలబస్‌లో ఉండాలి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగితే ముందు చదువు గొప్పతనం మీద రాద్దామనుకున్నాను. అది ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు కాబట్టి, నాలో చాలా రోజులుగా ఉన్న ఒక అసంతృప్తి గురించి రాస్తున్నాను.

మా నాన్న కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. డిగ్రీ ఫైనలియర్ సెలవుల్లో ఇంటికెళ్తే, పనిచేయని స్టార్టర్ ఒకటి నా ముందు పెట్టి "చూడరా" అన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. ఆయన పది నిమిషాల్లో నో వోల్ట్ కాయిల్ తెగిందని తేల్చేశారు. ఆయన ఏమీ అనలేదు, నాకే సిగ్గేసింది. మూడేళ్లు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌కు వెళ్లాను కానీ, చెడిపోయిన వస్తువు ఒక్కసారి కూడా చేతికివ్వలేదు. కిట్ పనిచేయకపోతే పక్కన పెట్టి ఇంకొకటి ఇచ్చేవారు.

ఎమ్మెస్సీలో మోటరోలా 6800 మైక్రోప్రాసెసర్ మీద సెమినార్ ఇవ్వాల్సి వచ్చింది. దాన్ని ఎక్కడెక్కడ వాడారో వెదుకుతుంటే పిన్‌బాల్ మిషన్లు తగిలాయి. అద్దం కింద వాలుగా ఉండే బల్ల, దాని మీద దొర్లే ఉక్కు బంతి, బటన్ నొక్కితే బంతిని పైకి కొట్టే రెండు ఫ్లిప్పర్లు. అమెరికాలోని చికాగో ఈ ఆటకు పుట్టిల్లు. రిలేలతో నడిచే ఈ మిషన్లలోకి 1970ల చివర సర్క్యూట్ బోర్డులు వచ్చాయి. నేను ఒక్క మిషన్‌నూ కళ్లతో చూడలేదు, డయాగ్రాములు మాత్రం చదివాను.

బ్యాలీ కంపెనీ ఆ రోజుల్లో చేసిన ప్రాసెసర్ బోర్డు మీద ఒక చిన్న ఎల్‌ఇడి ఉంటుంది. స్విచ్ వేయగానే ఒకసారి మినుక్కుమని, తర్వాత ఏడుసార్లు వెలగాలి. ఒక్కో వెలుగు ఒక్కో పరీక్ష పాసైనట్టు. మొదట రోమ్, తర్వాత రెండు ర్యామ్ చిప్పులు, ఆపైన రెండు పిఐఎ చిప్పులు, ఆరోది 555 టైమరు, ఏడోది సోలినాయిడ్లకు వెళ్లే సరఫరా. మూడుసార్లు వెలిగి ఆగిపోతే నాలుగో పరీక్ష దగ్గర, అంటే మొదటి పిఐఎ దగ్గర వెదకాలి. తప్పు చాలాసార్లు చిప్పులో ఉండదు. మెమరీ కోసం బోర్డు మీద పెట్టిన బ్యాటరీ కారి, ఆ క్షారం రాగి గీతల్ని తినేస్తుంది. మెకానిక్‌లు దాన్ని వెనిగర్‌తో కడిగి, తెగిన గీతలకు వైరు అతికిస్తారు.

1990లలో వచ్చిన విలియమ్స్ మిషన్ల జబ్బు ఇంకా బాగుంటుంది. ఫ్లిప్పర్ బటన్ నొక్కగానే ఆట మొత్తం రీసెట్ అయిపోతుంది! ఎవరైనా ప్రాసెసర్‌నే అనుమానిస్తారు. కాయిల్ ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు 5 వోల్టుల సరఫరా కుంగుతుంది. బ్రిడ్జి రెక్టిఫయరో, ఫిల్టర్ కెపాసిటరో బలహీనపడినా, టంకం పగిలినా, కనెక్టరు మాడినా ప్రాసెసర్ ఆ కుంగుబాటును తట్టుకోలేదు. రిపుల్ ఫ్యాక్టర్ సూత్రం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను. కెపాసిటర్ ముసలిదైతే ఏమవుతుందో మాత్రం ఈ మిషన్ గురించి చదివేదాకా ఆలోచించలేదు. విలియమ్స్ 1999లోనే పిన్‌బాల్ తయారీ మానేసింది. అయినా ఆ మిషన్లు ఇంకా ఆడుతున్నాయంటే రిపేరు చేసేవాళ్ల చలవే.

ప్రాక్టికల్ పరీక్షలో ఒక్క ప్రశ్నయినా కావాలని చెడగొట్టిన బోర్డు మీద ఉండాలని నా అభిప్రాయం. ఈ మాట అంటే ఒక లెక్చరర్ గారు, "అది మెకానిక్‌ల పని, మీరు డిజైన్ నేర్చుకోండి" అన్నారు. నేను ఒప్పుకోను. తప్పు ఎక్కడుందో కనిపెట్టలేనివాడు చేసిన డిజైన్‌ను నేనైతే నమ్మను. రిపేరు పని తక్కువదన్న మాట మన హాస్టల్ తమ్ముళ్ల నోటే విన్నప్పుడు ఇంకా బాధేస్తుంది. మన ఇళ్లలో సాయంత్రం ఎవరి చేతులకు గ్రీజు ఉంటుందో మనకు తెలియదా?

సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు. ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులు తమ ఇళ్లలో మూలనపడ్డ టీవీ బోర్డులు, చార్జర్లు, స్టెబిలైజర్లు హాస్టల్‌కు పంపండి. కరెంటు తీసేసినా కెపాసిటర్లలో చార్జి ఉంటుంది, తెలిసినవాళ్లు పక్కన లేకుండా తమ్ముళ్లు ముట్టుకోవద్దు. ఆదివారాలు నేను వస్తాను. మల్టీమీటరు, టంకం ఐరన్ నావే తెస్తాను.