జ్వరమొస్తే ఇంట్లోనే: జీతం కోయని మూడు రోజుల సెలవు కావాలి

ధర్మపురిలో దుకాణాలు, ఫైనాన్స్ కంపెనీలు, ఆడిటర్ ఆఫీసులు, ట్రావెల్స్ కౌంటర్లు నడిపే యజమానులకూ, వాటిల్లో పనిచేసే తెలుగు అన్నలకూ అక్కలకూ మనవి.

ఫ్లూ దేశమంతా ఒకే నెలలో రాదు. శ్రీనగర్‌లో జనవరి నుంచి మార్చి దాకా, ఢిల్లీ వైపు వానాకాలంలో ఎక్కువగా ఉంటుంది. మన తమిళనాడులో మాత్రం ఈశాన్య రుతుపవనం వచ్చాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ముసురు పట్టిన రోజుల్లో పెరుగుతుంది. టీవీలో చలికాలపు జాగ్రత్తలు మొదలయ్యేసరికి మనకు సగం కాలం గడిచిపోయి ఉంటుంది. ఒక్కో ఏడు ఎండల ముందు కూడా వస్తుంది. 2023 మార్చిలో హెచ్3ఎన్2 రకం ఫ్లూ పాకినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం మార్చి 10న ఒక్కరోజే వెయ్యి చోట్ల జ్వర శిబిరాలు పెట్టింది. అందుకే ఈ మాట ముసురు దిగకముందే చెబుతున్నాం.

వాన జల్లు కొడుతుందని కిటికీలు మూస్తాం. చిన్న గది, ఆరేడు మంది మనుషులు, ఒక స్ప్లిట్ ఏసీ. ఆ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. ఒకరు దగ్గితే ఆ గాలినే మిగిలినవాళ్ళంతా సాయంత్రం దాకా పీలుస్తారు. సోకిన మనిషికి ఒకటి నుంచి నాలుగు రోజుల్లో జ్వరం, ఒళ్ళు నొప్పులు, దగ్గు మొదలవుతాయి. అవి బయటపడే ముందు రోజు నుంచే అతడు ఇతరులకు అంటించగలడు. అన్నిటికన్నా ఎక్కువగా అంటించేది జబ్బు పడిన మొదటి మూడు రోజుల్లో. సరిగ్గా ఆ మూడు రోజులే మన ఉద్యోగులు మాత్ర మింగి, స్వెటర్ వేసుకుని, ఆఫీసుకు వస్తున్నారు.

ఎందుకు వస్తున్నారు? ఒళ్ళు కాలుతుంటే ఎవరూ ఇష్టపడి రారు. రాకపోతే ఆ రోజు సంబళం పోతుంది. పాలక్కోడు నుంచో, పెన్నాగరం నుంచో బస్సెక్కి వచ్చి కౌంటర్లో కూర్చునే అమ్మాయికి నెలలో మూడు రోజుల జీతం తెగితే ఇంటి అద్దెలోనో, పిల్లల ఫీజులోనో ఆ లోటు తేలుతుంది. దానికి తోడు ఇంకో మాట: ‘సర్టిఫికెట్ ఎక్కడ?’ ఆ కాగితం కోసం జ్వరంతో ఇంకో గుంపులో గంటసేపు కూర్చోవాలి, డాక్టరు ఫీజు ఇవ్వాలి. ఇంత తతంగం కన్నా డ్యూటీకి రావడమే మేలనుకుంటారు. దీన్ని ఆ అమ్మాయి అజాగ్రత్త అనడం అన్యాయం.

చట్టం ఏమంటోంది? 1947 నాటి తమిళనాడు దుకాణాలు, సంస్థల చట్టం 25వ సెక్షన్ ప్రకారం జబ్బు చేసిన ఉద్యోగికి ఏడాదికి 12 రోజుల దాకా జీతంతో సెలవు హక్కు. చేరిన మొదటి ఏడాదిలోనూ వర్తిస్తుంది. క్యాజువల్ లీవు ఇంకో 12 రోజులు వేరే. రోజంతా నిలబడి కాళ్ళు వాచే సేల్స్ వాళ్ళకు కూర్చునే హక్కు 2021లో ఈ చట్టంలోకే వచ్చింది. కుర్చీలు కొన్ని దుకాణాల్లోనైనా కనిపిస్తున్నాయి. సిక్ లీవు సంగతి మాత్రం చాలామంది ఉద్యోగులకు తెలియనే తెలియదు, తెలిసినవాళ్ళు అడగడానికి జంకుతారు.

ఈఎస్ఐ ఉందిగా అంటారు. ఉంది, మంచిదే. నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్ళకు జబ్బు చేస్తే, చందా షరతులు తీరితే, ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. కానీ ఈఎస్ఐ నిబంధనల్లో ఒక మెలిక ఉంది: జబ్బు పడిన మొదటి రెండు రోజులకు డబ్బు ఇవ్వరు. పదిహేను రోజుల్లోపు మళ్ళీ పడితేనే ఆ రెండు రోజుల కోత ఉండదు. నెలల తరబడి మంచాన పడేవాళ్ళకు ఆ కోత పెద్దగా తెలియదు. ఫ్లూకి వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. మనిషి ఇంట్లో ఉండి తీరాల్సిన రోజులకే పైసా రాదు. ఈ రెండు రోజుల కోత తీసేయాలని మా స్పష్టమైన డిమాండ్. కార్మిక సంఘాల వాళ్ళు ఈ సంగతి పైకి రాయాలి. మన ఎంపీ ఢిల్లీలో అడగాలి.

అంతదాకా ఆగాల్సిన పనిలేదు. యజమానులు తమ చేతుల్లో ఉన్నది చేయొచ్చు. జ్వరం అని ఫోన్ చేస్తే మూడు రోజులు జీతంతో సెలవు. సర్టిఫికెట్ అడగొద్దు. నాలుగో రోజు కూడా రాలేకపోతే అప్పుడు అడగండి. మాత్ర వేసుకోకుండానే జ్వరం తగ్గి ఒక పగలూ ఒక రాత్రీ గడిచాకే పనికి రమ్మనండి.

దొంగ జ్వరాలు చెప్తారని మీ భయం. ఎవరో ఒకరు చెప్పొచ్చు. ఆ ఒక్కరి కోసం నిజంగా జబ్బు పడిన అందరినీ కౌంటర్లో కూర్చోబెడితే నష్టం మీకే. ఎనిమిది మంది ఉన్న ఆఫీసులో ఒకరు మూడు రోజులు లేకపోతే పని ఎలాగో సాగుతుంది. వారం తిరక్కుండా నలుగురు పడితే షట్టర్ దించాల్సిందే. అమెరికాలో జీతంతో కూడిన సిక్ లీవు తప్పనిసరి చేసిన నగరాల్లో ఫ్లూ తగ్గిందని 2017లో వచ్చిన అధ్యయనం చూపింది. ఇదంతా దానమని అనిపిస్తే ఒకటి గుర్తుచేసుకోండి: ఈ ఊరు ఒకప్పటి తగడూరు, ఆయుష్షు పెంచే ఉసిరికాయను తాను తినకుండా కవయిత్రి అవ్వైయార్ చేతిలో పెట్టిన అదియమాన్ ఏలిన నేల. మేము అడిగేది అంత పెద్ద దానం కూడా కాదు. చట్టంలో రాసి ఉన్నదే.

మిగతావి చిన్న పనులు. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా కిటికీలు తీయండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిప్పండి. వాటర్ క్యాన్ దగ్గర అందరికీ ఒకటే గ్లాసు ఉంటే, పెదవికి తగలకుండా ఎత్తి పోసుకునే మన పాత అలవాటును వదలొద్దు. షుగరు, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళూ గర్భిణులూ డాక్టర్ని అడిగి ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలి. ముసురుకు ముందే వేయించుకుంటే మేలు, పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. నేలవేము కషాయం తాగేవాళ్ళు తాగండి, కానీ తాగాం కదా అని జ్వరంతో ఆఫీసుకు రాకండి. మందుల షాపులో అడిగి యాంటీబయోటిక్ కొనుక్కోకండి. అది వైరస్ మీద పనిచేయదు. 2023 మార్చిలో భారత వైద్య సంఘం డాక్టర్లనే ఈ విషయంలో హెచ్చరించింది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. వానాకాలంలో వచ్చే ప్రతి జ్వరమూ ఫ్లూ కాదు, డెంగీ కూడా ఆ కాలంలోనే తిరుగుతుంది. కాబట్టి పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. ఊపిరి అందకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, మాట తడబడినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. మూడు రోజులకూ జ్వరం దిగకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, ధర్మపురి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రికో వెళ్ళండి.

ఉద్యోగులారా, ఒక్కరే వెళ్ళి అడిగితే భయం వేస్తుంది. నలుగురు కలిసి వెళ్ళండి, 25వ సెక్షన్ పేరు చెప్పి అడగండి. యజమానులారా, దీపావళి బోనస్ లెక్క మాట్లాడే రోజే ఈ మూడు రోజుల సెలవు సంగతీ తేల్చి, తమిళంలోనూ తెలుగులోనూ రాసి, హాజరు పుస్తకం ఉన్న బల్ల పైన గోడకు అతికించండి.