కలపడమంతా ఒక్కటి కాదు

మద్యం ముట్టని తెలుగు పండితుడికి కాక్‌టెయిల్ గొడవ ఎందుకని నవ్వకండి. నా చేత జరిగిన ఒక తప్పును దిద్దుకోవడానికే ఈ టపా.

కొన్నేళ్ళ క్రితం నా పూర్వవిద్యార్థి ఒకడు ఒక ఆంగ్లకథను అనువదించి, దిద్దిపెట్టమని తెచ్చాడు. అందులో నాయకుడు జేమ్స్ బాండ్‌ను అనుకరిస్తూ, మార్టినీని ‘తిప్పి కాదు, గిలకొట్టి’ ఇమ్మంటాడు. రెండూ కలపడమే కదా, ఈ శబ్దాడంబరం దేనికని కొట్టివేసి, ‘బాగా కలిపి’ అని ఎర్రసిరాతో రాశాను. గురువు మాట కాదనలేక అతడు ఊరుకున్నాడు.

మొన్న వేసవిలో మా అల్లుడు నా ఎదుటనే ఆ పానీయాన్ని రెండు విధాలా చేసి చూపించాడు. రెండింటికీ సరుకూ కొలతా ఒక్కటే: జిన్, డ్రై వెర్మూత్, మంచుముక్కలు. మొదటిదాన్ని పొడవాటి చెంచాతో, చప్పుడు కాకుండా, 30 సెకన్లు తిప్పి వడకట్టాడు. గ్లాసులో స్ఫటికంలా నిలిచింది. రెండోదాన్ని మూత బిగించిన లోహపు పాత్రలో 15 సెకన్లు గట్టిగా కుదిపాడు. అది మబ్బు పట్టినట్టు తెల్లబారి, పైన సన్నని మంచుపలుకులతో దిగింది. ఒక్క కడుపున పుట్టినవంటే నమ్మలేం.

కుదిపినప్పుడు మంచుముక్కలు ఢీకొని విరుగుతాయి, గాలి సన్నని బుడగలై చిక్కుకుంటుంది, చల్లదనం త్వరగా వస్తుంది. అయితే ఆ చల్లదనం ప్రధానంగా మంచు కరగడం వల్ల వచ్చేదే. ఒక గ్రాము మంచు కరగడానికి సుమారు 80 కేలరీల వేడిని లాక్కుంటుంది. అంటే చల్లబడాలంటే నీరు చేరక తప్పదు. చెంచాతో ఈ పని నిదానంగా జరుగుతుంది, కోరినచోట ఆపవచ్చు. గాలి చేరదు గనుక నాలుకపై నునుపుగా జారుతుందని అల్లుడి మాట. ఆ సాక్ష్యం నేనివ్వలేను.

అందుకే కేవలం మద్యాలే ఉన్నవాటిని తిప్పుతారు. నిమ్మరసమో, మీగడో, గుడ్డు తెల్లసొనో చేరినవాటిని గిలకొడతారు. తెల్లసొన వేసిన విస్కీ సవర్‌ను తిప్పి ఊరుకుంటే ఆ నురగ రాదు. ఈ లెక్కన మార్టినీ తిప్పవలసినది. ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో వెలువరించిన ‘కాసినో రాయల్’లోనే బాండ్ తన పానీయాన్ని బాగా చల్లబడేదాకా కుదపమంటాడు. 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’ చిత్రంలో షాన్ కానరీ నోట ఆ కోరిక జగత్ప్రసిద్ధమైంది. మర్యాద తెలిసీ కాదనే మొండితనమంతా ఆ క్రియాభేదంలోనే ఉంది. నేను తుడిచిపెట్టింది దాన్నే!

మన భాషకు ఈ భేదం తెలియనిదా? పెరుగును గరిటెతో కలియబెడితే చిక్కగానే ఉంటుంది, కవ్వంతో చిలికితే వెన్న విడుతుంది. మా అమ్మ ‘చిలుకు’ అన్నప్పుడు ‘కలిపానుగా’ అంటే వంటింట్లోంచి తరిమేది. ఇన్నేళ్ళు వ్యాకరణం చెప్పిన నాకు ఆ పాఠం అక్కరకు రాలేదు.

కథ అప్పటికే నా దిద్దుబాటుతో ఒక పత్రికలో అచ్చయింది. మొన్న అతడికి ఫోను చేసి, సంకలనంలోనైనా తన మాటే పెట్టుకోమన్నాను. ‘తిప్పి’ అననా, ‘కలియదిప్పి’ అననా అని అడిగాడు. నాకు ‘కలియదిప్పి’లోనే చెంచా కనిపిస్తోంది. మీకేమనిపిస్తుందో రాయండి, అతడికి చెబుతాను.