చక్రం ఇచ్చారు సరే, మట్టి ఏదీ?

పుదుచ్చేరి నడిబొడ్డు నుంచి విళుపురం పోయే రహదారి మీద రెడ్డియార్‌పాళయం ఉంది. పేరులోని ‘రెడ్డియార్’ తెలుగు చెవికి చుట్టరికంలా వినిపిస్తుంది. ఒళుకరై పురపాలక పరిధిలోని ఈ శివారు ఇప్పుడు నగరంలో భాగమే. మూలకుళం, అరుంబార్థపురం దాటి అదే దారిలో పడమరగా మరికొంత దూరం సాగితే శంకరాభరణి నది ఒడ్డున విల్లియనూరు వస్తుంది. కాల్చిన మట్టి బొమ్మలకు పేరుపడిన ఊరు అది. అక్కడి మట్టిపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. పుదుచ్చేరికి చెందిన మృణ్మయ శిల్పి మునుసామి కృష్ణభక్తర్‌ను కేంద్ర ప్రభుత్వం 2020లో పద్మశ్రీతో గౌరవించింది. కాగితం మీద చూస్తే కుమ్మరి వృత్తికి ఇంతకన్న గౌరవప్రదమైన చిరునామా ఉండదు.

కానీ కాగితం మీద కుండ నిలవదు. కుండ నిలవాలంటే మట్టి కావాలి. చెరువులు ఇళ్ల స్థలాల నడుమ చిక్కుకుపోయి, తవ్వే ప్రతి తట్టకూ అనుమతి అడిగే చట్టాలు వచ్చిన కాలంలో కుమ్మరికి తెల్లవారగానే ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఈసారి మట్టి ఎక్కడి నుంచి? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన రాజ్యం ఆయన మెడలో దండ వేస్తుంది, చేతిలో చక్రం పెడుతుంది, బ్యాంకు దారి చూపిస్తుంది. మట్టి మాట మాత్రం ఎత్తదు.

కుమ్మరి దినచర్య తెలియనివారే ఇది చిన్న విషయమని అనుకోగలరు. తెచ్చిన బంకమట్టిని ఎండబెట్టి, చితకగొట్టి, నానబెట్టి, రాళ్లూ వేళ్లూ ఏరి, సన్నని ఇసుక కలిపి కాళ్లతో తొక్కాలి. గంటల తరబడి తొక్కిన తరువాతే అది సారె ఎక్కడానికి తగినంత పదునుకు వస్తుంది. సారె మీద కుండ రూపం తీసుకునేది కొద్ది నిమిషాల్లో. చూసేవారికి కనిపించేదీ, ఫొటోలకెక్కేదీ ఆ కొద్ది నిమిషాలే. ఆ తరువాత నీడన ఆరబెట్టాలి. లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి అడుగును సాగదీయాలి. మళ్లీ ఆరబెట్టాలి. ఈ మధ్య పనులలో సగం ఇంటి ఆడవాళ్ల చేతుల మీదుగా జరుగుతాయి. నున్నన చేయడం వారిదే, మోయడం వారిదే, వీధి అంచున కూర్చుని బేరమాడి అమ్మడమూ చాలాచోట్ల వారిదే. ‘కుమ్మరి’ అని రాసే ఏ ప్రభుత్వ పత్రంలోనైనా ఆ స్త్రీ ఎక్కడుందో వెతకవలసి వస్తుంది.

చివరిది ఆము. తేమ పూర్తిగా పోని కుండ ఆములో వేడెక్కితే లోపలి నీరు ఆవిరై గోడను చీల్చుకుని బయటపడుతుంది. ఒక్క కుండ పగిలితే దాని పక్కనున్నవీ దెబ్బతింటాయి. అందుకే కుమ్మరి ఆకాశాన్ని రైతుకన్న ఎక్కువ భయంతో చూస్తాడు. సముద్రం పక్కనున్న ఊరిలో ఆ భయం రెట్టింపు. గాలిలోనే తేమ ఉంటుంది. పైగా ఈ తీరానికి ప్రధానంగా వాన తెచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాగే ఈశాన్య రుతుపవనం. కార్తిగై దీపాలకు ప్రమిదలు చేయవలసిందీ, పొంగల్‌కు కుండలు సిద్ధం చేయవలసిందీ సరిగ్గా ఆ నెలల్లోనే. అంటే ఎండ కరువైనప్పుడే పని ఎక్కువ, ఎండ కాసినప్పుడు గిరాకీ తక్కువ. ఈ వైరుధ్యం మధ్య ఒక కుటుంబం ఏడాది బతుకు ఇరుక్కుని ఉంటుంది.

2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఒక్కరోజులో దాదాపు 48 సెంటీమీటర్ల వాన పడింది. ఆ ఏడాది కార్తిగై దీపం డిసెంబరు 13న. అంటే పండుగకు రెండు వారాలు కూడా లేవు. ప్రమిదలు ఇంకా పచ్చిగానో, ఆరుతూనో ఉండే సమయం. ‘కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు’ అన్న సామెతకు ఇంతకన్న వ్యాఖ్యానం అక్కర్లేదు. పుదుచ్చేరి ప్రభుత్వం రేషన్ కార్డుకు రూ.5,000 చొప్పున సాయం ప్రకటించింది. అది కుటుంబానికి ఇచ్చిన సాయం, వృత్తికి జరిగిన నష్టానికి పరిహారం కాదు. మునిగిన పొలాన్ని అధికారి వచ్చి చూడగలడు, విరిగిన పడవను ఫొటో తీయగలడు. తడిసిన పచ్చికుండ మాత్రం తిరిగి మట్టి అయిపోతుంది. నష్టంతో పాటు సాక్ష్యమూ కరిగిపోతుంది.

ఇంత నిస్సహాయంగా ఉన్న ఈ వృత్తిని ప్రభుత్వాలు ఎంతగా ఆరాధిస్తాయో కూడా చూడాలి. పుదుచ్చేరికి దక్షిణాన అరియాంకుప్పం దగ్గర అరికమేడు ఉంది. 1945లో మోర్టిమర్ వీలర్ అక్కడ తవ్వించినప్పుడు ఇటలీ నుంచి వచ్చిన అరెటైన్ పాత్రల పెంకులు దొరికాయి. వాటి ఆధారంగానే దక్షిణాది పురావస్తు కాలక్రమానికి ఒక గట్టి పునాది పడింది. రోమ్‌తో ఈ తీరం చేసిన వ్యాపారానికి కుండపెంకులే సాక్ష్యం చెప్పాయి. ఆ స్థలం ఈనాడు పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పగిలిన కుండకు చట్టం కాపలా కాస్తోంది, మంచిదే. పగలని కుండను చేసేవాడికి ఏ చట్టం కాపలా కాస్తోంది?

ఢిల్లీ ప్రేమ మరీ పాతది. 2004లో రైల్వే మంత్రిగా లాలూ ప్రసాద్ యాదవ్ స్టేషన్లలో మట్టి కప్పుల టీని ప్రవేశపెట్టారు. ఆ ఆర్భాటం కొన్నాళ్లకే చల్లారింది. 2020 నవంబరులో పీయూష్ గోయల్ అదే మాటను మళ్లీ కొత్తగా చెప్పారు. అప్పటికి దాదాపు 400 స్టేషన్లలో మట్టి కప్పులు ఉన్నాయనీ, రాబోయే రోజుల్లో అన్ని స్టేషన్లలోనూ అవే ఉంటాయనీ ప్రకటించారు. పదహారేళ్ల తేడాతో, బద్ధవిరోధులైన రెండు పక్షాల మంత్రులు ఒకే వాగ్దానం చేశారంటే కుమ్మరి ఎంత మంచి ఉపన్యాస వస్తువో అర్థమవుతుంది. 2022 జూలై 1న ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులను దేశమంతటా నిషేధించారు. ఆ ఖాళీలోకి నడిచివచ్చింది మట్టి కప్పు కాదు, కాగితపు కప్పు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దంటూ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మేలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ నెలలోనే కేంద్రం వాటి అమలును ఏడాది వాయిదా వేసింది. నిజంగా అమలైతే ఆ నిషేధం మట్టి వినాయకుడికి పిలుపు. పిలిచినవారు ఆ మట్టి ఎక్కడుందో చూపించాలి కదా!

ఇక పీఎం విశ్వకర్మ. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలో 18 వృత్తులున్నాయి. వాటిలో కుమ్మరం ఒకటి. కేటాయింపు రూ.13,000 కోట్లు. పథకానికి ఆరు అంగాలు: గుర్తింపు, శిక్షణ, పనిముట్లు, రుణం, డిజిటల్ లావాదేవీలకు ప్రోత్సాహకం, మార్కెటింగ్ సాయం. శిక్షణ కాలంలో రోజుకు రూ.500 ఇస్తారు. పనిముట్లకు రూ.15,000 ఇస్తారు. ఐదు శాతం వడ్డీకి తొలివిడత లక్ష రూపాయల అప్పు ఇస్తారు. ఫోనులో జరిగే ఒక్కో లావాదేవీకి ఒక్కో రూపాయి చొప్పున లెక్కగట్టి ఇవ్వాలన్న జాగ్రత్త కూడా ఉంది. రూపాయి దాకా ఆలోచించిన ఈ పథకంలో ముడిసరుకు అనే ఏడో అంగం లేదు. దర్జీ బట్టను బజారులో కొనుక్కోగలడు. కంసాలి లోహాన్ని కొనుక్కోగలడు. కుమ్మరి ముడిసరుకు మాత్రం చెరువు అడుగున ఉంటుంది. ఆ చెరువు ప్రభుత్వానిది. ఇవ్వగలిగిన ఏకైక యజమాని తానే అయిన వస్తువును వదిలేసి, తక్కినవన్నీ ఇవ్వడాన్ని దాతృత్వం అనలేం.

రుణం సంగతీ అంతే. లక్షను 18 నెలల్లో తీర్చాలంటే వడ్డీ కాక నెలకు రూ.5,500 పైన అసలే కట్టాలి. పండుగకు చేతినిండా, వానకు చేయి ఖాళీగా ఉండే వృత్తికి నెలనెలా సమానమైన వాయిదా కట్టమనడం, నెలజీతగాడి లెక్కను తెచ్చి కుమ్మరి వాకిట్లో పెట్టడమే.

చట్టం ఏమంటోందో చూద్దాం. 1957 నాటి గనుల, ఖనిజాల చట్టం సాధారణ బంకమట్టిని చిన్నతరహా ఖనిజాల కిందికి చేర్చి, దాని మీద నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. 2016 జనవరి 15న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్, కుమ్మరులు తమ ఆచారం ప్రకారం చేతులతో తవ్వుకునే మట్టికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని స్పష్టంగా చెప్పింది. మినహాయింపుల జాబితాలో మొట్టమొదటి అంశం అదే. 2020 మార్చి 28న, దేశం లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడు, రోడ్లూ పైపులైన్ల వంటి ప్రాజెక్టులకు తవ్వే మట్టిని కూడా అదే జాబితాలో చేర్చారు. కుమ్మరి పారకూ, కాంట్రాక్టరు పొక్లెయినుకూ ఒకే వరుసలో పీట వేశారు. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఆ కాంట్రాక్టరు మినహాయింపును కొట్టివేసింది. కుమ్మరి మినహాయింపు నిలిచింది. అయితే పర్యావరణ అనుమతి అక్కర్లేదనడం వేరు, ఫలానా చెరువులో ఫలానా చోట తవ్వుకోవచ్చని చెప్పడం వేరు. మొదటిది ఢిల్లీ చెప్పేసింది. రెండోదాన్ని స్థానిక ప్రభుత్వం చెప్పాలి.

పొరుగున అది జరిగింది. 2024 జూలైలో తమిళనాడు, రైతులూ కుమ్మరులూ చెరువుల వండ్రుమట్టిని, బంకమట్టిని ఉచితంగా తీసుకునే అనుమతిని కలెక్టరు కార్యాలయం నుంచి తహసీల్దారు స్థాయికి దించింది. విళుపురం జిల్లా సరిహద్దు విల్లియనూరుకు ఎంతో దూరం లేదు. గీతకు అటువైపు సాధ్యమైన సౌలభ్యం ఇటువైపు కుమ్మరికి ఎందుకు ఉండకూడదు? శంకరాభరణి ఒడ్డున మాత్రమే కాదు, అదే ప్రభుత్వం కిందనున్న గోదావరి పాయ పక్క యానాంలోనూ ఈ ప్రశ్నకు జవాబు కావాలి.

విశ్వకర్మ పథకం మీద ఢిల్లీకీ చెన్నైకీ జరిగిన పోరు తెలిసిందే. వంశపారంపర్య వృత్తిని షరతుగా పెట్టడం కులవృత్తిలోకి పిల్లలను తిరిగి నెట్టడమేనని తమిళనాడు అభ్యంతరం చెప్పింది. దానికి బదులు 25 వృత్తులతో, 35 ఏళ్లు నిండినవారికే వర్తించేలా సొంత పథకం తెచ్చింది. ఆ అభ్యంతరంలో బలం ఉంది. కుమ్మరి కొడుకు కుమ్మరే కావాలని శాసించే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ వాదన చేతికి అందించే ముగింపు ఒకటుంది: వృత్తి వదిలేయడం స్వేచ్ఛ కావాలి, గత్యంతరం లేని పలాయనం కాకూడదు. మట్టి దొరకక సారె దించినవాడిని కులవృత్తి నుంచి విముక్తుడని పిలవడం క్రూరమైన హాస్యం.

వృత్తి కాలం చెల్లిందనేవారు అదే పుదుచ్చేరిలో 1971 నుంచి నడుస్తున్న గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని చూడాలి. రే మీకర్, డెబోరా స్మిత్ స్థాపించిన ఆ కార్యశాల దేశంలో స్టూడియో కుమ్మరానికి ఒక తరాన్నే తయారుచేసింది. చేతితో చేసిన మట్టిపాత్రకు మార్కెట్టు లేదన్న మాటను అది అర్ధశతాబ్ది కిందటే అబద్ధం చేసింది. పాత్ర మీద కళాకారుడి సంతకం ఉంటే దానికి ధర ఉంది. కులం పేరు మాత్రమే ఉంటే బేరం ఉంది.

తవ్వకం చెరువులకు ముప్పనేవారికీ జవాబుంది. ఊసుడు చెరువును పుదుచ్చేరి 2008లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. ఆ హద్దులు ఉండవలసిందే, అక్కడ ఎవరూ తవ్వనక్కర్లేదు. పుదుచ్చేరి ప్రాంతానికి 84 చెరువులున్నాయని లెక్క. పూడిక తీయవలసిన చెరువులో కుమ్మరి తీసే మట్టి చెరువుకు సేవే. ఒక కుటుంబం ఏడాదంతా వాడే బంకమట్టి, ఒక కొత్త కాలనీని మెరక చేయడానికి పోసే మట్టి ముందు ఏపాటిది?

అడగవలసింది ఎక్కువేమీ లేదు. ఒళుకరై, విల్లియనూరు పరిధుల్లో కుమ్మరులు మట్టి తీసుకోదగిన చెరువుల జాబితాను ఏటా వేసవికి ముందే ప్రకటించాలి. అనుమతి తహసీల్దారు దగ్గరే, రుసుము లేకుండా, గడువులోగా రావాలి. అనుమతి పత్రంలో భార్య పేరూ ఉండాలి. వాన నెలల్లో సరుకు ఆరబెట్టుకోవడానికి పైకప్పు ఉన్న ఉమ్మడి షెడ్డూ, పొగగొట్టం ఉన్న ఉమ్మడి ఆమూ కట్టించాలి. ఈశాన్య రుతుపవనానికి ముందే పచ్చిసరుకును నమోదు చేస్తే, కరిగిపోయిన కుండకు కూడా సాక్ష్యం మిగులుతుంది. రుణ వాయిదాలు పొంగల్, వినాయక చవితి, కార్తిగై తరువాత పడేలా మార్చాలి. వీటిలో ఏదీ కొత్త చట్టం అడగదు. రూ.13,000 కోట్లూ అడగదు.

ప్రతి ఏటా కార్తిగై నాడు మంత్రుల ఇళ్ల ముంగిట కూడా మట్టి ప్రమిదలే వెలుగుతాయి. ఆ దీపం ముందు చేతులు జోడించేవారు, అందులోని మట్టి ఏ చెరువుదో, దాన్ని తెచ్చుకోవడానికి ఎవరు ఎవరి కాళ్లావేళ్లా పడ్డారో ఒక్కసారి అడిగి తెలుసుకుంటే చాలు. సంతకం పెట్టవలసిన కాగితం ఏదో వారికే తెలుస్తుంది.