త్రీడీ ప్రింటర్ కన్నా ముందు ఉలి

ప్రభుత్వ పాఠశాలల్లో అయిదేళ్లలో 50 వేల అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. 2016లో మొదలైన ఈ పథకంలో ఒక్కో బడికి 20 లక్షల రూపాయల వరకు సాయం ఇచ్చేలా నిర్ణయించారు. త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు ఊరిబడి దాకా రావడం సంతోషమే. కానీ ఇంటర్నెట్‌లో దొరికిన డిజైన్‌ను దించుకుని, బటన్ నొక్కి, కీచైన్ చేతికి రాగానే ప్రయోగం అయిపోయిందనుకుంటే ఆ డబ్బు దండగ. ఆ వస్తువు దేనితో తయారైంది, ఎంత బరువు మోస్తుంది, ఎక్కడ విరుగుతుంది? ఇవి తెలిస్తేనే అది చదువు.

ఈ చదువు మన దగ్గర ఎప్పటినుంచో ఉంది.

కొండపల్లి బొమ్మలకు వాడేది తెల్ల పొణికి కర్ర. తేలికగా, మెత్తగా ఉండి ఉలికి లొంగుతుంది. అందులో చెమ్మ మిగిలితే బొమ్మ నిలవదు కాబట్టి ముందుగా సన్నని సెగ మీద ఆరబెడతారు. బొమ్మ భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలోనైతే తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడితోనే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. ఎంత అదిమితే రంగు సమంగా పరుచుకుంటుందో కళాకారుడి అరచేతికి తెలుసు.

త్రీడీ ప్రింటర్ పని కూడా దీనికి దగ్గరిదే. పీఎల్ఏ అనే ప్లాస్టిక్ తీగను సుమారు 200 డిగ్రీల వేడిలో కరిగించి, పొర మీద పొర పేరుస్తుంది. కర్ర నార వెంబడి చీలినట్టే, ప్రింట్ చేసిన వస్తువు పొరల మధ్య విడిపోతుంది. అందుకే ఒకే కొక్కేన్ని నిలువుగా ప్రింట్ చేస్తే పుటుక్కున విరుగుతుంది, పడుకోబెట్టి ప్రింట్ చేస్తే బరువు మోస్తుంది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెల ఎండలో అద్దాలు మూసిన కారులో పెడితే వంకరపోవచ్చు. కంప్యూటర్ తెరపై గీసిన బొమ్మలో ఇవేవీ కనిపించవు.

షీట్లను కాంతికిరణంతో కోసే లేజర్ కట్టర్ దగ్గర పదార్థం గురించి తెలియకపోవడం ప్రమాదకరం కూడా. అక్రిలిక్ షీట్ అనుకుని పీవీసీ షీట్ పెడితే విషవాయువు వెలువడుతుంది. అది ఊపిరితిత్తులకు చేటు, యంత్రానికి తుప్పు.

డిజిటల్ తయారీకి చేతిపని అడ్డు కాదనడానికి పుణె దగ్గరి పాబల్ గ్రామం సాక్ష్యం. డాక్టర్ ఎస్.ఎస్. కల్బాగ్ 1983లో అక్కడ స్థాపించిన విజ్ఞాన ఆశ్రమంలో గ్రామీణ యువత పనిచేస్తూనే విజ్ఞానశాస్త్రం నేర్చుకుంటారు. అమెరికాలోని ఎంఐటీలో 1998లో ‘దాదాపు ఏదైనా తయారుచేయడం ఎలా’ అనే కోర్సు మొదలుపెట్టిన నీల్ గెర్షెన్‌ఫెల్డ్, ఆ తర్వాత డిజిటల్ యంత్రాలతో ఎవరైనా వస్తువులు తయారుచేసుకునే ఫ్యాబ్ ల్యాబ్‌ల ఆలోచనను ప్రపంచమంతా తీసుకెళ్లారు. తొలినాళ్ల ఫ్యాబ్ ల్యాబ్‌లలో ఒకటి పాబల్‌లోనే వెలిసింది. పనిముట్లు పట్టిన చేతులు అక్కడ అప్పటికే ఉన్నాయి.

హైదరాబాద్‌లో 2023లో 78 వేల చదరపు అడుగుల్లో టీ-వర్క్స్ తెరుచుకుంది. నమూనాలు తయారుచేయదలచిన వారికి అది పెద్ద ఆసరా. కానీ అక్కడికి వెళ్లే ఇంజినీరింగ్ విద్యార్థి బడిలోనే కర్ర కోసి, రేకు వంచి, మట్టి పిసికి ఉండాలి.

అందుకు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయదగినవి ఉన్నాయి. ప్రతి టింకరింగ్ ల్యాబ్‌లో మొదటి నెల కంప్యూటర్ తెరవకుండా ఉలి, రంపం, ఆకురాయితో పని చేయించాలి. పిల్లలు తయారుచేసిన వస్తువులను వాళ్ల చేతనే విరగ్గొట్టించి, ఎందుకు విరిగాయో రాయించాలి. ఆ పరీక్షలకు కావలసిన కర్ర, ప్లాస్టిక్ కొనడానికి బడికి ఏటా విడిగా నిధులివ్వాలి. కొండపల్లి, ఏటికొప్పాక కళాకారులను వార్షికోత్సవాలకు అతిథులుగా పిలవడంతో సరిపెట్టకుండా, గౌరవప్రదమైన జీతమిచ్చి ఈ ల్యాబ్‌లలో బోధకులుగా నియమించాలి. డిగ్రీ ఉండాలన్న నిబంధన అడ్డొస్తే, కొత్త ల్యాబ్‌లు తెరిచేలోపే దాన్ని సవరించాలి.