62 మీటర్లు, 65 మీటర్లు

1991 ఆగస్టు 23 తెల్లవారుజామున నార్వేలోని స్టావాంగర్ దగ్గర, స్లైప్నర్ ఎ అనే సముద్రపు వేదికకు కట్టిన కాంక్రీటు పునాది ఫ్యోర్డ్ నీళ్లలో మునిగిపోయింది. అదృష్టవశాత్తూ మనుషులంతా బయటపడ్డారు.

నిర్మాణాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క ఎంత ఒత్తిడి మోస్తుందో లెక్కించి, ముక్కలు కలిసే చోట లెక్కలు పొసిగేలా కుట్టుకుంటూ పోవడమే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. మునిగిన ఆ పునాదిని లెక్కించిందీ ఈ పద్ధతితోనే. అందులో గుండ్రటి గదులు మూడేసి కలిసే మూలలున్నాయి. సరిగ్గా అక్కడే లెక్కకు తీసుకున్న ముక్కలు మరీ పెద్దవి, వంకరవి. దాంతో షియర్ ఒత్తిడి అసలుకంటే 47 శాతం తక్కువగా తేలింది. దానికి తోడు గోడలో వేసిన ఇనుప కడ్డీల కొసలు చాలినంత లోతుకు వెళ్లలేదు. రెండు లోపాలూ ఒకే మూలలో కలిశాయి.

నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ తర్వాతి సంగతి. ప్రమాదం జరిగాక ముక్కలను సన్నం చేసి మళ్లీ లెక్కిస్తే, గోడ 62 మీటర్ల లోతులో పగులుతుందని వచ్చింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర! అంటే పద్ధతికి సత్తా ఉంది. అడగాల్సిన చోట మనమే దాన్ని గట్టిగా అడగలేదు.

ఈ సంచిక పగుళ్ల గురించి, వాటిని ముందే పట్టుకునే లెక్కల గురించి. ఆ లెక్కల ఫలితాలను చూపే ఎర్రటి, నీలి రంగుల ఒత్తిడి పటాలు చూడముచ్చటగా ఉంటాయి, నమ్మబుద్ధేస్తుంది. అందుకే రంగుల పటంతో పాటు దాని వెనకున్న ముక్కల వలను కూడా ఇమ్మని ప్రతి రచయితనూ అడిగాం. రెండూ పక్కపక్కనే అచ్చువేశాం.

— సంపాదకుడు