అమ్మేటప్పుడు సరుకు, తిరిగి అమ్మేటప్పుడు లైసెన్సా?

మొన్న ఆదివారం మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. నా బ్యాగులో మూడు పాత గేమ్ డిస్కులున్నాయి. అక్కడ హాస్టళ్ళ సందులో పాత గేములు కొని, అమ్మే కొట్టొకటి ఉంది. ఓనరు నాకు పదేళ్ళ పైనుంచీ తెలుసు. డిస్కుల్ని ట్యూబ్‌లైటు కింద తిప్పి గీతలున్నాయేమో చూసి, క్యాలిక్యులేటర్ నొక్కి 2,600 ఇస్తానన్నాడు. కాసేపు బేరమాడాక 2,800 దగ్గర తెగింది.

మావాడికి ఆశ పుట్టింది. "అన్నా, నా దగ్గర కూడా నాలుగు గేములున్నాయి. అన్నీ ఒరిజినలే. ఒకటైతే 4,999 పెట్టి కొన్నా."

"డిస్కులేవి తమ్మీ?"

"డిస్కుల్లేవు. అకౌంట్‌లో ఉన్నాయి."

"అకౌంట్ల ఉన్నదాన్ని నేనేం జేస్కోవాలె తమ్మీ?" అని నవ్వేశాడు.

వాడిది డిస్క్ డ్రైవ్ లేని కన్సోల్. కొన్న రోజు నాలుగైదు వేలు తక్కువకొచ్చిందని ఇంటిల్లిపాదీ సంతోషించాం. తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో వాడు అడిగాడు: "మావయ్యా, మరి నేను ఆ గేములు కొన్నట్టా, కొననట్టా?"

చైతన్యపురి దాటింది, విక్టోరియా మెమోరియల్ దాటింది, ఎల్.బి.నగర్ వచ్చేసింది. నా దగ్గర సమాధానం లేదు. పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్నవాణ్ణి, నాకే తెలియకపోతే ఎలా? అందుకే ఈ టపా.

సెకండ్ హ్యాండ్ గేముల మీద కంపెనీలకి కోపం కొత్తదేం కాదు. 2010లో ఈఏ కంపెనీ "ఆన్‌లైన్ పాస్" అని పెట్టింది. కొత్త డిస్కుతో ఒక కోడ్ వచ్చేది, అది ఒక్కసారే పనిచేసేది. పాత డిస్కు కొన్నవాడు ఆన్‌లైన్‌లో ఆడాలంటే ఇంకో 10 డాలర్లు కట్టుకోవాలి. జనం తిట్టగా తిట్టగా 2013 మే నెలలో ఎత్తేశారు. అదే నెలలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ ప్రకటించింది. జూన్‌లో రూల్సు బయటపెట్టింది: 24 గంటలకొకసారి కన్సోల్ నెట్‌కి కనెక్టవ్వాలి, స్నేహితుడికి గేమ్ ఇవ్వాలంటే అతను 30 రోజులుగా మీ ఫ్రెండ్స్ లిస్టులో ఉండాలి, అదీ ఒక్కసారే ఇవ్వగలరు, పాతది షాపులో అమ్మాలంటే పబ్లిషరు ఒప్పుకోవాలి. మా ఎల్.బి.నగర్ వైపు గట్టి వాన పడితే కరెంటూ నెట్టూ చెట్టపట్టాలేసుకుని పోతాయి, ఇక 24 గంటల రూలు ఎవరికోసమో! అప్పుడే సోనీ వాళ్ళు "మా కన్సోల్‌లో గేమ్ షేర్ చెయ్యడం ఎలా" అని ఒక వీడియో వదిలారు. అందులో ఒకాయన డిస్కుని ఇంకొకాయన చేతిలో పెడతాడు. అంతే, అయిపోయింది. జూన్ 19 కల్లా మైక్రోసాఫ్ట్ ఆ రూల్సన్నీ వెనక్కి తీసుకుంది.

మనమే గెలిచామనుకున్నాం. నిజానికి గెలిచింది వాళ్ళే. రూల్సు పెట్టి తిట్లు తినడమెందుకు, డిస్కే తీసేస్తే పోలేదా? 2020లో డ్రైవ్ లేని ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు ఎవరూ గొడవ చెయ్యలేదు. పైగా ధర తక్కువని ఎగబడి కొన్నాం. కొన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. 2000ల్లో దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో మా రూములో ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ ఉండేది. దాంట్లో గేములన్నీ దొంగ సీడీలే. యాభై రూపాయలకి ఒక సీడీ, దాంట్లో మూడు గేములు, బోనస్‌గా నాలుగు వైరస్‌లు. తప్పని తెలుసా అంటే తెలుసు. కానీ నెలకి ఇంటినుంచొచ్చే డబ్బులు మెస్సుకీ, బస్ పాసుకీ సరిపోతే గొప్ప. కొత్త గేమ్ ధర మా రెండు నెలల మెస్ బిల్లు.

నేను మొట్టమొదట డబ్బులిచ్చి కొన్న ఒరిజినల్ గేమ్ సెకండ్ హ్యాండే. 2011లో, ఉద్యోగం వచ్చిన కొత్తలో, 1,100 రూపాయలకి. నెలాడాక అదే కొట్లో 800కి తిరిగిచ్చేశాను. అంటే ఆ గేము నాకు 300కి పడింది. ఆ 800కి ఇంకొంత కలిపి ఇంకోటి కొన్నాను. ఇలా రెండేళ్ళు తిరిగాక, ఒకరోజు సీల్ తియ్యని కొత్త గేమ్ విడుదలైన వారంలోనే కొన్నాను. ఎందుకు కొనగలిగానంటే, ఆడాక సగం డబ్బులు వెనక్కొస్తాయన్న ధైర్యంతో. దొంగ సీడీ నుంచి కొత్త డిస్కు దాకా నేను ఎక్కిన నిచ్చెనలో మధ్యమెట్టు ఆ కొట్టు. ఆ మెట్టు తీసేస్తే కిందున్నవాడు ఎగిరి పైకి రాడు. కిందే ఉండిపోతాడు, అంటే దొంగ కాపీ దగ్గరే. కంపెనీలు దీన్ని "పోయిన అమ్మకం" అని లెక్కేస్తాయి. నా లెక్కలో అది తయారవుతున్న కస్టమరు.

సరే, చట్టం సంగతి చూద్దాం. దీంట్లో మన రాష్ట్రానికి ఒక పాత్ర ఉంది, మనవాళ్ళు చాలామందికి తెలియదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1957 నాటి జనరల్ సేల్స్ టాక్స్ చట్టం ఉండేది. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు కూడా సరుకే, కాబట్టి అమ్మకపు పన్ను కట్టండి అని అధికారులు టీసీఎస్‌ని అడిగారు. సాఫ్ట్‌వేర్ అంటే మేధోసంపత్తి, కంటికి కనపడదు, చేతికి తగలదు, అదెలా సరుకవుతుందని కంపెనీ వాదించింది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకెళ్ళింది. 2004 నవంబరులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది: రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకే. రచయిత ఆలోచన పుస్తకంలో పడ్డట్టు, పాట క్యాసెట్‌లో పడ్డట్టు, ప్రోగ్రాము డిస్కులో పడ్డాక దాన్ని కొనొచ్చు, అమ్మొచ్చు, చేతులు మార్చొచ్చు, కాబట్టి పన్ను కట్టాల్సిందే. (2017లో జీఎస్టీ వచ్చి ఆ పాత పన్ను పోయిందనుకోండి, అది వేరే కథ.)

నా వాదన అంతా ఇక్కడే ఉంది. పన్ను వసూలు చేసేటప్పుడు అది పుస్తకం లాంటి సరుకైతే, నేను తిరిగి అమ్ముకునేటప్పుడు కూడా పుస్తకం లాంటి సరుకే కావాలి కదా? కోఠీలో పాత పుస్తకాలు అమ్మేవాళ్ళని ఏ పబ్లిషరూ "మా అనుమతి ఏది" అని అడగడే! దిల్‌సుఖ్‌నగర్లో కోచింగ్ తీసుకునే పిల్లలు సీనియర్ల మెటీరియల్ సగం ధరకి కొనుక్కుంటే దాన్ని దొంగతనం అనం.

మన కాపీరైట్ చట్టంలో కూడా ఈ లాగులాట జరిగింది. 1994 సవరణ ప్రకారం, ఒకసారి అమ్ముడుపోయిన కంప్యూటర్ ప్రోగ్రాము కాపీని మళ్ళీ అమ్మే హక్కు కూడా హక్కుదారుదే. 1999లో ఆ ముక్క తీసేశారు. 2021లో ఇంకో టాక్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ తీసివేతకున్న అర్థాన్ని గట్టిగా చెప్పింది. నేను వకీల్ని కాదు, కానీ మా కొట్టతను చేస్తున్నది నేరమని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోను.

చిక్కంతా డౌన్‌లోడ్ దగ్గరే. దాంట్లో ఒక్కో దేశం ఒక్కో మాట. 2012లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఒరాకిల్ కేసులో, శాశ్వత లైసెన్సుతో కొన్న సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ అయినా సరే తిరిగి అమ్మొచ్చు, నీ దగ్గరున్న కాపీ వాడకుండా చేస్తే చాలు అంది. అమెరికాలో 2010లోనే ఒక అప్పీలు కోర్టు, ఈబేలో పాత ఆటోక్యాడ్ డిస్కులు అమ్మినాయన కేసులో, "నువ్వు కొన్నది లైసెన్సు మాత్రమే" అంది, అక్కడ డిస్కు చేతిలో ఉన్నా సరే! ఫ్రాన్స్‌లో 2019లో స్టీమ్ గేములు తిరిగి అమ్ముకోవచ్చని ఒక కోర్టు అంటే, 2022లో పై కోర్టు కొట్టేసింది.

ఇప్పుడు అవతలివాళ్ళ మాట కూడా వినాలి. గేమ్ స్టూడియోలో పనిచేసే నా స్నేహితుడొకడు ఈ విషయం ఎత్తితే మండిపడతాడు. "పాత కారు కొంటే ఇంజను అరిగి ఉంటుంది, పాత పుస్తకంలో పేజీలు చిరిగి ఉంటాయి. పాత గేము, కొత్త గేము మాత్రం అచ్చం ఒకటే. అది పదిమంది చేతులు మారితే మాకు ఒక్కడి డబ్బులే వస్తాయి. సర్వర్ మాత్రం పదిమందికీ నడపాలి. నీ జీతం కూడా లైసెన్సుల మీదే కదరా, మర్చిపోయావా?"

మర్చిపోలేదు. మా ప్రొడక్టులో లైసెన్స్ చెక్ చేసే కోడ్‌లో కొంత నేను రాసిందే. అందుకే వాడి మాట కొట్టిపారెయ్యలేను. కానీ రెండు విషయాలు చెప్తాను. డిస్కు అరగదు, నిజమే, కోరిక అరుగుతుంది. ఆర్నెల్లయ్యేసరికి కథ అందరికీ తెలిసిపోతుంది, కొత్త ఏడాది క్రికెట్టో ఫుట్‌బాలో వస్తే పాతది ఎవడూ ముట్టుకోడు. మా కొట్టతను ఇచ్చే ధరే దానికి సాక్ష్యం, నెలకి నెల తగ్గుతూ పోతుంది. రెండోది, పదిమంది ఆడినా ఒకే సమయంలో ఆడేది ఒక్కడే. సర్వర్ మీద పడేది ఒక్కడి బరువే.

మరి డౌన్‌లోడ్ గేముల్ని ఎలా తిరిగి అమ్మనివ్వాలి? ఇది చదివేవాళ్ళలో సగం మంది సాయంత్రానికి డిజైన్ గీసెయ్యగలరు. అకౌంటుకి ముడిపడ్డ గేమ్ అంటే డేటాబేసులో ఒక వరుస. దాంట్లో ఓనర్ ఐడీ మార్చడమే. డిస్కు అమ్మినవాడు కాపీ దాచుకున్నాడేమోనన్న అనుమానమైనా ఉండొచ్చు, దీంట్లో అదీ లేదు. నొక్కగానే అమ్ముడైపోతే ధరలు మొదటి వారంలోనే కుప్పకూలతాయన్న భయం నాకర్థమవుతుంది. సరే, విడుదలైన ఆర్నెల్ల తర్వాతే అమ్మనివ్వండి. ప్రతి అమ్మకంలో పది శాతం స్టూడియోకి ఇవ్వండి. మా దిల్‌సుఖ్‌నగర్ కొట్టు నుంచి నా స్నేహితుడికి ఏనాడూ ఒక్క రూపాయి రాలేదు, ఈ పద్ధతిలో వస్తుంది.

ఇదీ కుదరదంటారా? అయితే కనీసం మాట సరిగ్గా చెప్పండి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది: మీకిస్తున్నది లైసెన్సే అని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ సరుకు మీద "కొనండి" అనే మాట వాడకూడదు. యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న "ది క్రూ" సర్వర్లు ఆపేస్తే, పూర్తి ధర పెట్టి డిస్కు కొన్నవాళ్ళు కూడా ఆడలేకపోయారు. అద్దె అయితే అద్దె అనండి, అద్దె ధరే పెట్టండి. 4,999కి అద్దె అంటే మా మేనల్లుడు బటన్ నొక్కేముందు ఒక్క నిమిషం ఆగేవాడు. ఆ ఒక్క నిమిషం ఆగకూడదనే కదా "కొనండి" అని రాసింది!

వాడి ప్రశ్నకి రాత్రి భోజనాల దగ్గర సమాధానం చెప్పాను. "నువ్వు కొనలేదురా. కొన్నంత డబ్బులిచ్చి అద్దెకి తెచ్చుకున్నావు."

వాడు కాసేపు ఆలోచించి, "అయితే మావయ్యా, హాస్టల్లో మావాళ్ళు క్రాక్ చేసినవి ఫ్రీగా ఇస్తామంటున్నారు, అదే నయం కదా?" అన్నాడు.

నేను ఎక్కొచ్చిన నిచ్చెనని వాడు పైనుంచి కిందికి దిగుతున్నాడు. వద్దని చెప్పాను, గట్టిగానే చెప్పాను. నా 2,800లో వెయ్యి వాడి చేతిలో పెట్టి, ఈసారి డ్రైవ్ ఉన్న కన్సోల్ కోసం దాచుకోమన్నాను. కానీ వాడి లెక్కలో తప్పెక్కడుందో చూపించమంటే మాత్రం ఇంకా వెతుక్కుంటున్నాను. మీకు దొరికితే చెప్పండి.