కౌమారంలో మెనింజైటిస్ - తల్లిదండ్రులు గ్రహించవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

మెండోర, నిజామాబాద్ జిల్లా: పసిబిడ్డకు జ్వరం వస్తే తల్లి ఆ రాత్రే ఆస్పత్రికి పరుగెత్తుతుంది. అదే జ్వరం పదవ తరగతి చదివే కుమారునికి వస్తే ఒక మాత్ర ఇచ్చి పడుకోమంటుంది. పెద్దవాడయ్యాడు, తట్టుకుంటాడన్న ధీమాయే ఇందుకు కారణం. మెనింజైటిస్ వ్యాధి విషయంలో ఈ ధీమా ప్రాణాంతకం కాగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 2019లో ఈ వ్యాధి ప్రపంచవ్యాప్తంగా సుమారు 2 లక్షల 50 వేల మందిని బలిగొన్నది. బాక్టీరియా వలన మెనింజైటిస్ సోకిన ప్రతి ఆరుగురిలో ఒకరు మరణిస్తుండగా, ప్రతి ఐదుగురిలో ఒకరికి వినికిడి లోపం, మూర్ఛ వంటి దీర్ఘకాలిక సమస్యలు మిగులుతున్నాయి.

ఒకే పేరు - రెండు వ్యాధులు

వాడుకలోను, పత్రికలలోను "మెదడువాపు" అనే ఒకే మాట రెండు వేర్వేరు వ్యాధులకు వర్తిస్తున్నది. మెదడుకే వాపు రావడం ఎన్‌సెఫలైటిస్. మెదడును, వెన్నుపామును కప్పి ఉన్న పొరలకు వాపు రావడం మెనింజైటిస్. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ దోమల ద్వారా వ్యాపిస్తుంది. మెనింజైటిస్‌కు బాక్టీరియా, వైరస్, క్షయ క్రిమి, శిలీంధ్రం వీటిలో ఏదైనా కారణం కావచ్చు. అందులో మెనింగోకాకస్ అనే బాక్టీరియా మనిషి గొంతు నుండి తుంపరల ద్వారా మరో మనిషికి చేరుతుంది. కనుక దోమల మందు పిచికారీ చేసినంత మాత్రాన దానిని నివారించలేము. ఈ భేదం తెలిసినపుడే సరైన జాగ్రత్త సాధ్యమవుతుంది.

2003 అనుభవం

కాలయాపన ఎంతటి నష్టం కలిగిస్తుందో తెలుగు ప్రజలు 2003లో చవిచూశారు. ఆ ఏడాది జూన్ నుండి ఆగస్టు వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు ఎన్‌సెఫలైటిస్ బారిన పడగా 183 మంది మరణించారు. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ దీనికి చాందీపురా వైరస్ కారణమని నిర్ధారించింది. 1965లో నాగ్‌పూర్ సమీపంలోని చాందీపురా గ్రామం పేరిట గుర్తించబడిన ఈ వైరస్‌ను ఇసుక ఈగలు వ్యాపింపజేస్తాయి. మృతులలో అధికులు ఆస్పత్రిలో చేరిన ఒక్క రోజులోనే కన్నుమూశారు. అది మెనింజైటిస్ కాకపోయినా, అది నేర్పిన పాఠం దీనికీ వర్తిస్తుంది. జ్వరంతో పాటు స్పృహలో మార్పు కనిపించినపుడు రోజులు కాక గంటలు లెక్కించవలసి ఉంటుంది.

కౌమారంలోనే ఎందుకు?

ఆరోగ్యవంతులైన పెద్దలలో దాదాపు పది శాతం మంది గొంతులో మెనింగోకాకస్ ఏ హానీ చేయకుండా ఉంటుంది. కౌమారంలోను, యవ్వనారంభంలోను ఈ నిష్పత్తి ఎక్కువగా ఉంటుంది. వసతి గృహాలలో, గురుకులాలలో, కళాశాల హాస్టళ్లలో ఒకే గదిలో పలువురు నిద్రించడం, ఒకే సీసా నీరు పంచుకోవడం వ్యాప్తికి దోహదం చేస్తాయి. నిజామాబాద్ జిల్లాలో మరొక పరిస్థితి కూడా గమనార్హం. ఉపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్లిన తండ్రులు అనేకులు. ఇంటి వద్ద తల్లి లేదా అమ్మమ్మ, నాయనమ్మలే పిల్లల ఆరోగ్యం గురించి నిర్ణయం తీసుకోవలసి వస్తున్నది. "దుబాయికి ఫోన్ చేసి అడిగి తీసుకుపోదాం" అన్న ఆలోచనలో విలువైన సమయం గడిచిపోరాదు.

గుర్తించవలసిన లక్షణాలు

తీవ్ర జ్వరం, భరించలేని తలనొప్పి, వాంతులు, గడ్డాన్ని ఛాతీకి ఆనించలేనంతగా మెడ బిగుసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం, మగత, పొంతన లేని మాటలు, ఫిట్స్ ప్రధాన లక్షణాలు. ఇవన్నీ ఒకేసారి కనిపించవలసిన అవసరం లేదు. కొందరిలో ముందుగా కాళ్ల నొప్పులు, చేతులు కాళ్లు చల్లబడడం కనిపిస్తాయి. చర్మంపై ఎర్రని లేదా ఊదా రంగు మచ్చలు వచ్చి, గాజు గ్లాసుతో అదిమినా మాయం కాకపోతే అది రక్తంలో విషక్రిమి వ్యాపించిందనడానికి సూచన. చామనఛాయ, నలుపు మేనిలో ఈ మచ్చలు సులువుగా కనిపించవు. అరచేతులు, అరికాళ్లు, కనురెప్పల లోపలి భాగం పరిశీలించాలి. మచ్చల కోసం వేచి ఉండరాదు.

క్షయ వలన వచ్చే మెనింజైటిస్ తీరు వేరు. అది నెమ్మదిగా, వారాల తరబడి సాగుతుంది. సన్నని జ్వరం, తగ్గని తలనొప్పి, బరువు తగ్గడం, చదువుపై ఆసక్తి సన్నగిల్లడం, స్వభావంలో మార్పు కనిపిస్తాయి. వీటిని బద్ధకమనో, పరీక్షల భయమనో కొట్టిపారేయడం తగదు.

వెన్ను పరీక్ష - అపోహలు

వ్యాధి నిర్ధారణకు నడుము దిగువన సూదితో కొద్దిపాటి ద్రవం తీసి పరీక్షిస్తారు. నడుము పడిపోతుందన్న భయంతో కొందరు ఇందుకు అంగీకరించడం లేదు. వెన్నుపాము ముగిసిన చోటికి దిగువనే సూది వేస్తారు గనుక ఆ భయానికి ఆధారం లేదు. ఏ క్రిమి కారణమో, ఏ మందు వాడాలో చెప్పేది ఆ ద్రవమే. బాక్టీరియా మెనింజైటిస్ అనే అనుమానం బలంగా ఉన్నపుడు పరీక్ష ఆలస్యమైనా యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఆలస్యం కారాదన్నది వైద్యుల నియమం. కోలుకున్న పిల్లలకు వినికిడి పరీక్ష తప్పక చేయించాలి.

మెనింగోకాకస్ నిర్ధారణ అయినపుడు రోగితో సన్నిహితంగా మెలగిన కుటుంబ సభ్యులకు, గదిలోని సహవిద్యార్థులకు వైద్యులు నివారణ మందు ఇస్తారు. రోగిని చూసి వచ్చిన ఊరివారందరూ ఆందోళన చెందనక్కరలేదు.

టీకాలు

సార్వత్రిక టీకాల కార్యక్రమంలో పుట్టగానే వేసే బీసీజీ పసివారికి క్షయ మెనింజైటిస్ నుండి రక్షణనిస్తుంది. పెంటావలెంట్ టీకా దేశంలో 2011లోను, న్యూమోకోకల్ టీకా 2017లోను ప్రారంభమయ్యాయి. రెండవది 2021లో దేశమంతటికీ విస్తరించింది. అంటే నేటి కౌమార విద్యార్థులలో అధికులు శైశవంలో న్యూమోకోకల్ టీకాను ప్రభుత్వపరంగా పొందనివారే. మెనింగోకోకల్ టీకా సార్వత్రిక కార్యక్రమంలో లేదు. హజ్ యాత్రికులకు ఇది తప్పనిసరి. 2000 సంవత్సరపు యాత్రలో ప్రబలిన డబ్ల్యూ135 రకం అనంతరం నాలుగు రకాలకు పనిచేసే టీకాను సౌదీ ప్రభుత్వం తప్పనిసరి చేసింది. అమెరికాలోని పలు విశ్వవిద్యాలయాలు విద్యార్థుల నుండి ఈ టీకా పత్రాన్ని కోరుతున్నాయి. బ్రిటన్‌లో 2015 నుండి పాఠశాలలలోనే కౌమారులకు వేస్తున్నారు. పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేసిన అయిదు రకాల టీకాను 2024లో నైజీరియా ప్రపంచంలోనే ప్రప్రథమంగా వినియోగించింది. ప్లీహం తొలగించబడినవారు, రోగనిరోధక లోపాలు గలవారు, విదేశీ విద్యకు వెళ్లేవారు ఈ టీకా గురించి వైద్యుని సంప్రదించడం అవసరం.

ప్రజలకు, అధికారులకు సూచన

అనుమానం కలిగిన వెంటనే ఊరిలో ఇంజెక్షన్, సెలైన్‌లతో కాలక్షేపం చేయక 108 వాహనాన్ని పిలవాలి. మెండోర వంటి ప్రాంతాల నుండి ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికి చేరడానికి పట్టే సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. హాస్టల్ వార్డెన్లు జ్వరంతో ఉన్న విద్యార్థిని రాత్రి ఒంటరిగా వదలక, పలకరించి పరిశీలించాలి. పత్రికా ప్రతినిధులు "మెదడువాపు" అని రాసేటపుడు అది ఏ వ్యాధియో వైద్యాధికారులను అడిగి స్పష్టం చేయడం ద్వారా ప్రజలకు మేలు చేసినవారవుతారు. 2030 నాటికి మెనింజైటిస్‌ను ఓడించాలన్న ప్రణాళికను ప్రపంచ ఆరోగ్య సభ 2020లో ఆమోదించింది. ఆ లక్ష్యం తొలుత నెరవేరవలసినది జ్వరంతో పడుకున్న బిడ్డ నుదుటిపై చేయి వేసి, మాట్లాడించి చూసే తల్లి వద్దనే.